సీడెడ్, దత్తము, సీమ: అక్షరసామ్యమును పదచరిత్రయు

ఒకే అక్షరముల వరుస గల పదములన్నియు ఒకే కుటుంబమునకు చెందినవని తలచుట భాషాధ్యయనమునందు మిక్కిలి సులభముగా కలుగు భ్రాంతి. ఏకకుటుంబమునకు చెందిన పదములు వేర్వేరు వేషములలో తిరుగుటయు, సంబంధములేని పదములు ఒకే వేషమున కానవచ్చుటయు అన్ని భాషలందును కలదు. ఈ రెండు స్థితులను వేరుచేయగలవి పదముయొక్క పూర్వరూపమును పూర్వార్థమును మాత్రమే. ఇంగ్లీషునుండి కొన్ని పదములను గైకొని ఈ సూత్రమును పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. ఆ పదములు నిఘంటువునుండి యథేచ్ఛగా ఏరుకొన్నవి కావు. మన దేశమున ఒక విశాలభూభాగమునకు నూరేండ్లకు పైగా పేరై నిలిచిన ‘సీడెడ్’ అను మాటయే వానిలో మొదటిది.

పేరు వచ్చిన విధము

ఆమడగూరు, కదిరి, పెనుకొండ, హిందూపురము, ధర్మవరము నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోని ఊళ్లు. ఆ జిల్లా 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడినది. అంతకు పూర్వము ఇవి అనంతపురము జిల్లాలోనివి. అనంతపురము జిల్లా 1882 లో బళ్లారి జిల్లానుండి చీలినది. కదిరి తాలూకా మాత్రము కడపజిల్లానుండి 1910 లో వచ్చి ఇందు చేరినది. ఈ గీతలన్నిటికిని వెనుకనున్నది 1800 అక్టోబరు 12వ తేదీనాటి సంధి. 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధివలనను, 1799 లో టిప్పుసుల్తాను మరణించిన పిదప జరిగిన విభజనవలనను తనకు లభించిన మైసూరుభూములను, నిజాము అలీఖాను ఈ సంధిచే ఈస్టిండియా కంపెనీకి విడిచిపెట్టెను. తన రాజ్యమున నిలుపబడిన కంపెనీసైన్యపు ఖర్చునకు రొక్కమునకు మారుగా భూమినే చెల్లించుట అందలి ఏర్పాటు. అనగా ఎనిమిదేండ్ల వ్యవధిలో ఈ భూమిలో పెద్దభాగము రెండుమార్లు చేతులు మారినది. రెండుమార్లును మాటలాడుకొన్నవారు ప్రభువులే. భూమిపై నున్నవారిని అడిగినవారు లేరు.

కంపెనీవారు ఈ భూభాగమునకు ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్’ అని పేరిడిరి. 1800 నుండి 1807 వరకు థామస్ మన్రో దీనికి ప్రధాన కలెక్టరుగా నుండి రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. 1808 లో ఇది బళ్లారి, కడప అను రెండు జిల్లాలుగా విభక్తమైనది. పాలన మారినను పేరు మారలేదు. 1916 లో అనంతపురమున కళాశాల వెలసినప్పుడు దానికి సైతము ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజి’ అనియే నామకరణము జరిగినది.

‘పోవు’ అను అర్థముగల ధాతువు

‘సీడ్’ అను ఇంగ్లీషుక్రియకు నేటి అర్థము హక్కును విడిచి ఒరుల కప్పగించుట. ఇది ఫ్రెంచిభాష మీదుగా లాటిను ‘కేడెరె’ నుండి వచ్చినది. లాటినులో ఆ ధాతువునకు మొదటి అర్థము ‘పోవు, నడచు’ అనునది. తరువాత ‘వెనుకకు పోవు’, ‘తొలగి చోటిచ్చు’ అను అర్థములు కలిగి, తుదకు ‘విడిచిపెట్టు’ అను అర్థము స్థిరపడినది. కావున ‘సీడ్’ అనగా, మూలార్థమునుబట్టి, ఇచ్చుట కాదు. ఇచ్చువాడు అచ్చటినుండి తొలగిపోవుట.

‘సీ–ఈ–డీ–ఈ’ అను వరుసతో ముగియు ఇంగ్లీషుపదములు పెక్కింటిలో ఈ నడక కాననగును. ‘ప్రిసీడ్’ ముందు నడచుట, ‘రిసీడ్’ వెనుకకు నడచుట, ‘సెసీడ్’ విడివడి పోవుట, ‘ఇంటర్సీడ్’ ఇరువురి నడుమకు పోవుట. వర్ణక్రమము కొంచెము మారిన ‘ప్రొసీడ్’, ‘ఎక్సీడ్’, ‘సక్సీడ్’ అను మూడు పదములును ఈ వంశమువే. ‘ఎక్సీడ్’ మన ‘అతిక్రమించు’నకు సరియైన జోడు, అందును అడుగు హద్దు దాటుటయే మూలార్థము.

ఇదే ధాతువునుండి ‘సీ–ఈ–ఎస్–ఎస్’ అను వరుస గల పదములును పుట్టినవి. వీని పూర్వార్థములు ఆసక్తికరములు. ‘సక్సెస్’ అను పదమునకు నేడు విజయమని అర్థము. పదునారవ శతాబ్దమున అది ‘తరువాత వచ్చునది, పర్యవసానము’ అను అర్థమే కలది. మంచి సక్సెస్, చెడ్డ సక్సెస్ అని రెండు విధములుగను వాడుచుండిరి. క్రమముగా మంచి నిలిచి చెడు జారిపోయినది. వారసత్వమును తెల్పు ‘సక్సెషన్’ మాత్రము తొలి అర్థమును విడువలేదు. ‘యాక్సెస్’ అనగా నేడు ప్రవేశము. పూర్వమున ఇంగ్లీషువారు జ్వరము వచ్చి మీదపడుటకు ఆ మాటను వాడిరి. ‘యాబ్సెస్’ అనగా చీముగడ్డ. దేహమందలి దుష్టరసములు తమచోటు విడిచి ఒకచో చేరునని నమ్మిన ప్రాచీనవైద్యులు దానికి ‘తొలగిపోక’ అని పేరిడిరి. ‘ప్రాసెస్’ ముందునకు సాగుట. న్యాయస్థానపు తాఖీదునకు ఆ పేరు వచ్చుట వ్యాజ్యము సాగుటనుబట్టి.

కొన్ని పదములలో ధాతువు గుర్తింపరానంతగా అరిగిపోయినది. పూర్వీకుని తెల్పు ‘యాన్సెస్టర్’ లాటిను ‘అంతెకెస్సోర్’; ముందు నడచినవాడని అర్థము. ‘సీస్’ అనగా ఆగుట. పోవుటనుండి ఆగుట పుట్టుట వింతగా తోచును గాని, చోటు విడుచుట, పని విడుచుట, నిలిచిపోవుట అను సోపానములు స్పష్టములే. ‘డిసీస్’ అనగా మరణము. దాని మూలార్థము వెడలిపోవుట. తెలుగువారు చనిపోయినవానిని గూర్చి ‘పోయినాడు’ అనుటయు, సంస్కృతమునుండి గైకొని ‘గతించె’ ననుటయు ఈ భావమే. సంబంధములేని భాషలలో భావసామ్యము ఈ విధముగా కలుగును. భావసామ్యముకూడ బంధుత్వమునకు ప్రమాణము కాదని ఇందువలన తెలియవలయును.

‘కూర్చుండు’ అను అర్థముగలవి వేరు

ఇట నొక జాగ్రత్త అవసరము. ఇంగ్లీషున ‘సూపర్సీడ్’ అను మాట యున్నది. పంచాయతీపాలకవర్గమును ప్రభుత్వము రద్దుచేసినప్పుడు మన పత్రికలలోను ఈ మాట వినవచ్చును. చెవికి ఇది ‘ప్రిసీడ్’, ‘రిసీడ్’ పదములకు తోబుట్టువే. కాని దీనిని ‘సీ’ అక్షరముతో గాక ‘ఎస్’ అక్షరముతో వ్రాయవలయును. ఇది లాటిను ‘సెదెరె’ ధాతువునుండి పుట్టినది. దాని అర్థము ‘కూర్చుండు’. పైన కూర్చుండునది, మానుకొనునది అను అర్థములు మారి మారి, ఒకదానిని తొలగించి దానిచోట కూర్చుండుట అను నేటి అర్థము కలిగినది. ఇంగ్లీషువారిలో చదువుకొన్నవారు సైతము దీనిని ‘సీ’తో వ్రాసి తప్పులో కాలు వేయుట పరిపాటి. పోవుటకును కూర్చుండుటకును ఎంత దూరమో ఈ రెండు పదములకు అంత దూరము.

పన్నును తెల్పు ‘సెస్’ అను మాట ఇంతకంటె విచిత్రమైనది. దీని వర్ణక్రమము ‘సీ–ఈ–ఎస్–ఎస్’. ‘ప్రాసెస్’, ‘యాక్సెస్’ పదములలోని తుదిభాగముతో ఇది అక్షరము పొల్లుపోక సరిపోవుచున్నది. ఐనను ఇది ఆ వంశపుది కాదు. పన్ను నిర్ణయించుట అను అర్థముగల ‘అసెస్’ పదము తల తెగి ‘సెస్’ ఐనది. ‘ఎస్’తో వ్రాయవలసినదానిని ‘సీ’తో వ్రాయుట స్థిరపడినది. ‘అసెస్’ మూలము ‘పక్కన కూర్చుండు’ అనునది: న్యాయాధిపతి ప్రక్కన కూర్చుండి పన్నుమొత్తమును తేల్చువాని పనినిబట్టి ఆ అర్థము కలిగినది. మద్రాసు రాజధానిలో 1871 నాటి లోకల్ ఫండ్స్ చట్టముచే భూమిపై సెస్సు ఏర్పడినది. 2004 నుండి విద్యకొరకు దేశమంతట సెస్సు విధింపబడినది. 2018 నుండి ఆరోగ్యమును విద్యయు కలిపి నూటికి నాలుగు చొప్పున పన్నుపై పన్నుగా వసూలగుచున్నది. సెస్సు చెల్లించు రైతు నోట ఈ మాట పూర్తిగా తెలుగైపోయినది.

ఇప్పుడు మన లిపి తెచ్చిపెట్టు చిక్కును గమనింపవలయును. భూమిని విడిచిపెట్టుట ‘సెషన్’. అది ‘సీ’తో మొదలగును. సభ కూర్చుండుట ‘సెషన్’. అది ‘ఎస్’తో మొదలగును. సెషన్సుకోర్టు ఈ రెండవదానిది. ఇంగ్లీషున రెండింటికిని ఉచ్చారణ ఒకటే. లిపి మాత్రము వేరుచేసి చూపును. తెలుగున వ్రాసినచో ఆ ఆధారమును మాసిపోవును. విత్తనమును తెల్పు ‘సీడ్’ మూడవది. అది లాటినునుండి రాక ఇంగ్లీషు స్వంతధాతువైన ‘విత్తు’ అను క్రియకు చుట్టమైనది. తెలుగు అక్షరములలో విత్తనమును, విడిచిపెట్టుటయు ఒకటే ‘సీడ్’. ‘డేట్’ సంగతియు నింతే: తేదీయని అర్థమిచ్చునది లాటినులో ‘ఇయ్యబడినది’ అను పదమునుండి, ఖర్జూరపు పండని అర్థమిచ్చునది గ్రీకులో ‘వ్రేలు’ అను పదమునుండి వచ్చినవి. ఇంగ్లీషులిపియు ఇట వేరుచేయదు, చరిత్రయే వేరుచేయవలయును.

‘డిస్ట్రిక్ట్’ పదము

‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్’ అను పేరులోని రెండవ మాటకును పూర్వార్థము కలదు. ‘స్ట్రిక్ట్’, ‘రిస్ట్రిక్ట్’ పదములలోని అక్షరవరుసయే ఇందున్నది; ఇట అక్షరసామ్యము నిజమైన బంధుత్వమే. లాటిను ‘స్త్రింగెరె’ అనగా బిగించుట. దానికి ఉపసర్గ చేరగా ‘పట్టి నిలుపుట, నిర్బంధించుట’ అను అర్థము కలిగినది. మధ్యయుగపు ఐరోపాలో ఒక ప్రభువునకు జనులను నిర్బంధించుటకు, సొత్తును పట్టుకొనుటకు ఎంతవరకు అధికారము కలదో అంతవరకు గల నేల ‘డిస్ట్రిక్ట్’. బాకీకై సొత్తు పట్టుకొను జప్తును ఇంగ్లీషున ‘డిస్ట్రెయిన్’ అందురు. అదియు ఈ ధాతువుదే. శిస్తు బకాయికై చరాస్తిని జప్తుచేయు అధికారమును కలెక్టరునకు ఇచ్చిన 1864 నాటి మద్రాసు రెవెన్యూ రికవరీ చట్టమును తలచినచో ఆ పూర్వార్థము పూర్తిగా చచ్చిపోలేదని చెప్పవచ్చును. మనము వాడు ‘జిల్లా’ అరబ్బీభాషలో ‘ప్రక్క, ప్రక్కటెముక’ అను అర్థముగల పదము. అందు నిర్బంధము లేదు. ఒకే నేలను తెల్పు రెండు మాటలలో ఒకటి పాలకుని చేతిని, మరొకటి నేలయొక్క ఆకారమును తెల్పుచున్నవి.

దత్తమండలము

‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్’ అను పేరును తెలుగువారు ‘దత్తమండలము’ అని అనువదించుకొనిరి. ఇది అర్థమునకు దగ్గర. కాని సమానము కాదు. ‘దత్త’ అనునది సంస్కృతమున ‘దా’ ధాతువునుండి పుట్టినది. ‘ఇయ్యబడిన’ అని అర్థము. ‘సీడెడ్’లో చూపు విడిచిపోవు ప్రభువుపై నున్నది, ‘దత్త’లో చూపు ఇయ్యబడిన వస్తువుపై నున్నది. పైగా తెలుగువాని చెవికి ‘దత్త’ అనగానే దత్తత, దత్తపుత్రుడు స్ఫురించును. దత్తపుత్రునకు క్రొత్త యింట హక్కులు కలుగును. దత్తమైన మండలమునకు అట్టి హక్కు లేవియు కలుగలేదు. అనువాదము మూలముకంటె మృదువైనది. ఆ మృదుత్వమునందే కొంత మరుగును కలదు.

లాటిను ‘దతుమ్’, సంస్కృత ‘దత్తమ్’ నిజముగా జ్ఞాతులు. పైన చెప్పిన తేదీవాచకమగు ‘డేట్’ ఈ కుటుంబమునందే పుట్టినది: లేఖ చివర ‘ఫలానాచోట ఇయ్యబడినది’ అని వ్రాయు వాడుకనుండి అది వచ్చినది. లాటినున ‘త్రాదెరె’ అనగా చేతికందించుట; దానినుండి ఇంగ్లీషున సంప్రదాయమును తెల్పు ‘ట్రెడిషన్’ పుట్టినది, ద్రోహమును తెల్పు ‘ట్రీజన్’ కూడ పుట్టినది. తండ్రి కొడుకున కందించినది సంప్రదాయము, కాపరి శత్రువున కందించినది ద్రోహము. అందించు క్రియ ఒకటే. ఎవరు, ఎవరికి, ఎవరి అనుమతితో అను ప్రశ్నలే అర్థమును నిర్ణయించినవి. 1800 నాటి సంధిని గూర్చి అడుగవలసిన ప్రశ్నలును ఇవియే.

‘మండలము’ అను పదముయొక్క అర్థసంకోచమును గూడ ఇచ్చట గుర్తింపవలయును. దత్తమండలమన్నప్పుడు అది జిల్లాను, అంతకు మించిన విశాలభూమిని తెల్పెడిది. 1985 లో ఆంధ్రప్రదేశమున తాలూకాలకు మారుగా మండలములు ఏర్పడుటతో ఆ మాట కొన్ని గ్రామముల సమూహమునకు పరిమితమైనది. ఆమడగూరు నేడొక మండలకేంద్రము. నేటి పరిపాలనాపత్రములకు అలవడిన విద్యార్థి పాతవ్రాతలలో ‘మండలము’ అను మాట చూచి చిన్నప్రాంతమని తలచినచో చరిత్రయే తారుమారగును.

రాయలును ఱాయియు, సీమయు

1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్రమహాసభ జరిగినది. ఆ సందర్భమున కడప కోటిరెడ్డి అధ్యక్షతను జరిగిన దత్తమండలసభలో ఈ భూభాగమునకు ‘రాయలసీమ’ అను పేరు ఆమోదింపబడినది. ఆ పేరును గాడిచర్ల హరిసర్వోత్తమరావు పెట్టెనని చిరకాలము జనశ్రుతి యున్నది. సభలో దానిని సూచించినవాడు చిలుకూరి నారాయణరావు. ఆయన అనంతపురమున ఆ ‘సీడెడ్’ కళాశాలయందే తెలుగు బోధించిన భాషావేత్త. పరులు పరులకు ఇచ్చిరి అను సంగతియే తమ పేరుగా నుండుట అవమానమని ఆనాటివారు తలచిరి. విజయనగరరాయల పాలనను, 1565 పిదప వారికి రాజధానియైన పెనుకొండను స్మరించు పేరు దానికి బదులు నిలిచినది.

ఈ క్రొత్తపేరునకును అక్షరసామ్యపు చిక్కు తప్పలేదు. నేల బండలతో నిండినది గనుక ఇది రాళ్లసీమ యని చమత్కరించువారు కలరు. రాయలు, రాయి అను పదములు నేటి వ్రాతలో తోబుట్టువులవలె కానవచ్చును. కాని ‘రాయ’ సంస్కృత ‘రాజ’ శబ్దభవము. ‘ఱాయి’ ద్రావిడపదము, తమిళమున ‘అఱై’, పాతకన్నడమున ‘అఱె’ దానికి చుట్టములు. మన పూర్వులు దీనిని శకటరేఫముతో వ్రాసిరి. రాయలను సాధురేఫముతో వ్రాసిరి. ఱకారము వాడుక తగ్గుటతో రెండింటికిని వ్రాత ఒకటైనది. ‘సీ’తో వ్రాయు సెషన్, ‘ఎస్’తో వ్రాయు సెషన్ తెలుగున ఏ విధముగ కలిసిపోయెనో, ఱాయియు రాయలును ఆ విధముగనే కలిసిపోయిరి.

‘సీమ’ పదము చరిత్ర మరింత అర్థవంతమైనది. సంస్కృతమున దానికి మొదటి అర్థము హద్దు. తల వెండ్రుకల పాపటకు సీమంతమని పేరు వచ్చుట అందువలననే. తెలుగున హద్దునుండి హద్దులోని నేలకు అర్థము వ్యాపించి, పలనాటిసీమ వంటి మాటలు పుట్టినవి. దొరలు వచ్చిన పిదప వారి దేశమునకు ‘సీమ’ యని పేరు కలిగినది: సీమకు పోయినాడన్న ఇంగ్లండునకు పోయినాడని అర్థము. సముద్రము దాటి వచ్చినదెల్ల సీమసరకు; మధ్య అమెరికానుండి వచ్చిన చెట్టు సీమచింత. ఇంగ్లీషువారిచ్చిన పేరును తొలగించుటకు, వారి దేశమును తెల్పుటకు జనులు వాడుచున్న మాటయే 1928 లో ఎన్నుకొనబడుట గమనింపదగినది. ఆ సభవారు ఇట్లు ఆలోచించిరని చెప్పుటకు ఆధారము లేదు. పదముమాత్రము తన పాత అర్థమునకు మరలివచ్చినది.

సామ్యము, ప్రమాణము

చిలుకూరి నారాయణరావు 1937 లో ప్రకటించిన ‘ఆంధ్రభాషాచరిత్రము’న తెలుగు ద్రావిడకుటుంబమునకు చెందినది కాదనియు, ప్రాకృతములనుండి పరిణమించినదనియు వాదించెను. ఆ గ్రంథమందలి సామగ్రి అపారము. అది నేటికిని ఉపకరించుచున్నది. ఆయన సిద్ధాంతమును మాత్రము తరువాతి భాషావేత్తలు అంగీకరింపలేదు. 1816 లో క్యాంబెల్ వ్రాసిన తెలుగు వ్యాకరణమునకు ఎల్లిస్ చేర్చిన ఉపోద్ఘాతమునందే ఈ విషయమున దారి చూపబడినది: అరువుపదములు ఎన్ని యున్నను అవి బంధుత్వమును నిరూపింపవు, ధాతువులు, విభక్తులు, క్రియారూపములు క్రమబద్ధముగా కలిసినప్పుడే అది నిరూపితమగును. ‘సెస్’ను ‘ప్రాసెస్’తో కలుపరాదనుటకును ఈ న్యాయమే ఆధారము.

గ్రామనామములు సేకరించు పరిశోధకవిద్యార్థులకు ఇది ముఖ్యము. ఆమడగూరు అనగానే ‘ఆమడ’ అను దూరపుకొలత స్ఫురించును. ఏదో ఒక ఊరికి ఆమడదూరమున నున్నదని కథ అల్లుట నిమిషము పని. ఆ కథ నిజము కావచ్చును; కాని అక్షరసామ్యము దానికి సాక్ష్యము కాదు. శాసనములందు, కైఫీయతులందు, పాత రెవెన్యూపత్రములందు ఆ పేరు ఏ కాలమున ఏ రూపమున నున్నదో వరుసగా గుర్తించి, అప్పుడు అర్థము చెప్పవలయును. పూర్వరూపము లేని వ్యుత్పత్తిని చరిత్రగా వ్రాయరాదు.

పేర్లు తమ పూర్వార్థములను సులభముగా విడువవు. జనులు మరచినను అవి మోయుచునే యుండును. తెలుగు చలనచిత్రవ్యాపారమున పంపిణీప్రాంతములకు నేటికిని ‘నైజాం’, ‘సీడెడ్’ అను పేర్లే వాడుకలో నున్నవి. ఇచ్చినవాని పేరును ఇయ్యబడినదాని పేరును వసూళ్ల పట్టికలో ప్రక్కప్రక్కనే నిలిచియుండగా, ఆ రెండింటికిని నడుమ 1800 నాటి సంధి యొకటి యున్నదని చదువరులలో తలచువారు అరుదు. ఆ సంధిని మరల కనులముందు నిలుపుట పదచరిత్ర చేయగల పని.